అది జావ కాదు, ఓట్స్

ముందే ఒక విషయం తేల్చేయాలి. మా ఇంట్లో పొద్దున్నే చేసుకునేది జావ కాదు. పొయ్యి మీద గిన్నె పెట్టి, నీళ్లు పోసి, ధాన్యం తాలూకు ఒక పదార్థాన్ని అందులో వేసి, ఉండ కట్టకుండా తిప్పుతూ, చిక్కబడ్డాక దించుకుంటున్న మాట నిజమే. అంతమాత్రాన జావ అనేస్తే ఎలా? జావ గోనెసంచిలోంచి వస్తుంది. ఇది డబ్బాలోంచి వస్తుంది. డబ్బా మీద గుండె బొమ్మ కూడా ఉంటుంది.

ఈ తేడా మా అమ్మకి ఎంత చెప్పినా ఎక్కడం లేదు. ఆవిడ పల్నాడు మనిషి. మొదటిరోజు "అమ్మా, ఓట్స్ తెచ్చాను" అంటే, "మొన్ననేగా వేసొచ్చాం, మళ్లీ ఓట్లేంట్రా" అంది. రెండోరోజు గిన్నెలోకి తొంగిచూసి, "ఓస్, జావేగా" అని వెళ్లిపోయింది. ఆ 'ఓస్' దగ్గర నాకు బాగా దెబ్బ తగిలింది. కిలో జొన్నల ధరకి మూడింతలు పోసి కొన్నవాణ్ని మరి.

అసలు జావ పరువు తీసింది మన భాషే. మనిషి డీలా పడితే జావగారిపోయాడంటాం. జ్వరమొస్తే జావ, పళ్లు ఊడితే జావ, చేతిలో డబ్బులాడకపోతే జావ. శ్రీనాథుడంతటివాడు పల్నాడు వెళ్లి, ఎక్కడ చూసినా జొన్నకూడు, జొన్న అంబలి తప్ప సన్నన్నం కనపడలేదని వాపోయినట్టు చాటువు ఉంది. అంత చెడ్డపేరున్న దాన్ని, నెలనెలా కారు వాయిదా కట్టేవాడు టేబుల్ ముందు కూర్చుని తాగగలడా? అందుకే డాక్టరుగారు నా రిపోర్టు చూసి "పొద్దున్నే ఓట్స్ తీసుకోండి" అన్నారు. ఇడ్లీ తింటాం, జావ తాగుతాం, ఓట్స్ మాత్రం 'తీసుకుంటాం'. పురస్కారాలకీ ప్రమాణస్వీకారం చేసినవాళ్ల బాధ్యతలకీ వాడే క్రియ అది.

గిట్టనివాళ్లు అది గుర్రాల దాణా అంటారు. ఇదేమీ కొత్త నింద కాదు. 1755లోనే శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో, ఓట్స్‌ని ఇంగ్లండులో సాధారణంగా గుర్రాలకి పెడతారనీ, స్కాట్లాండులో మాత్రం మనుషులు దాని మీదే బతుకుతారనీ రాసి స్కాట్లాండు వాళ్లని ఉడికించాడు. అయితే ఈ విషయంలో నవ్వే హక్కు మనకి లేదు. ఉలవలు ఉడకబెట్టి గింజలు గొడ్లకి వేసి, ఆ ఉడికిన నీళ్లని మరిగించి, చింతపండు పిండి, తాలింపు పెట్టి, పైన మీగడ వేసుకుని పెళ్లిళ్లలో లొట్టలేసే జాతి మనది.

స్కాట్లాండు వాళ్లయితే ఈ వంటని ఆషామాషీగా తీసుకోలేదు. కార్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో 1994 నుంచి దీనికి ప్రపంచ పోటీలు పెడుతున్నారు. గెలిచినవాళ్లకి బహుమతి ఒక బంగారు రంగు కట్టె. స్పర్టిల్ అంటారు, కెలకడానికి వాడతారు. సీమలో సంగటి కెలికే కట్టెకి దూరపు చుట్టమనుకోండి. సంప్రదాయ విభాగంలో ఓట్స్, నీళ్లు, ఉప్పు తప్ప ఇంకేమీ వేయకూడదు. ఇది అమ్మకి చెప్పాను. "మజ్జిగ కూడా పోసుకోరా పాపం?" అని జాలిపడింది.

ఇక మా వంటింటి సంగతి. చదునుగా ఉండే ఈ ఓట్స్ పొట్టు తీసి, ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నలిపినవి. ఒక రకంగా అటుకుల వరసే, కాకపోతే పాస్‌పోర్టు ఉంది. ఒకరికి 40 గ్రాములు, కప్పుతో కొలిస్తే దానికి రెండున్నర మూడింతలు నీళ్లు, సన్నసెగ మీద అయిదు నిమిషాలు. వినడానికి ఇంతే. కానీ దించేటప్పుడు పలుచగా ఉందనిపించాలి. సరిగ్గా ఉందనిపించిందంటే మీ పని అయిపోయినట్టే. ఫోనొచ్చి హాల్లోకి వెళ్లొచ్చేసరికి అది బిగుస్తుంది. చెంచా గుచ్చితే నిలబడుతుంది. చెంచా లేపితే గిన్నె కూడా లేస్తుంది. మొన్న గోడకి మేకు ఊడిన చోట కన్నం పూడ్చడానికి మా ఆవిడ దానివైపు ఒకసారి ఆలోచనగా చూసింది.

ఆ జిగురు పేరు బీటా గ్లూకాన్. మనం డబ్బులిచ్చేది దానికే. పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి లాక్కుపోతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని వాడుకోవాల్సి వస్తుంది. రోజుకి 3 గ్రాములు ఒంట్లోకి వెళితే గుండెకి మంచిదని డబ్బాల మీద రాసుకోవడానికి అమెరికా ప్రభుత్వం 1997లో ఒప్పుకుంది. నా గిన్నెలో ఉండేది ఒకటిన్నర గ్రాము. అందులో సగం గిన్నె అడుగునే అంటుకుని, పీచుతో తోమితే సింకులోకి పోతుంది. ఆరు నెలలైంది. నా రిపోర్టులో పెద్ద మార్పేమీ లేదు. మా సింకు గొట్టంలో మాత్రం కొలెస్ట్రాల్ ఉండే ప్రసక్తే లేదు.

రుచి సంగతి అడక్కండి. మొదటి వారం తేనె, అరటిపండు. రెండో వారం ఉప్పు, మిరియాలు. మూడో వారానికి ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి, కరివేపాకు వచ్చి చేరాయి. "ఏవండీ, గరిటెడు నెయ్యి వేస్తే గొంతు దిగుతుంది" అని మా ఆవిడ అంటే వేయమన్నాను. ఇప్పుడు ఆవకాయ నంజుకుంటున్నాం. డాక్టరుగారు ఓట్స్ తీసుకోమన్నారే గాని, దేంతో అని చెప్పలేదు.

మొన్న మా తమ్ముడి కూతురి పెళ్లికి వెళ్లి హోటల్లో దిగాం. పొద్దున టిఫిన్ల దగ్గర మూతలున్న రెండు గిన్నెలు పక్కపక్కనే ఉన్నాయి. వాటి ముందు ఇంగ్లీషులో చీటీలు. పక్కనే తెల్ల టోపీ పెట్టుకున్న కుర్రాడు. అమ్మ నన్ను చదవమంది.

"ఇది ఓట్ పారిడ్జ్. అది జోవార్ పారిడ్జ్."

"రెండోదంటే?"

గొంతు తగ్గించి చెప్పాను. "జొన్న జావమ్మా."

అమ్మ మూత తీసి చూసింది. పైన పుదీనా ఆకు, నాలుగు దానిమ్మ గింజలు. ఒక గాజు కప్పులో పోయించుకుని, ఆ ఆకు తీసి పక్కన పెట్టి, టోపీ కుర్రాడి వైపు తిరిగింది.

"బాబూ, ఉల్లిపాయేదీ?"