అసలు డాక్టర్ ఎప్పుడొస్తడు?

మా బావకు నాలుగేళ్లుగా వరిబీజం. ఈ సంగతి రాయడానికి నేను ఆయన అనుమతి తీసుకోలేదు. అవసరం కూడా లేదు. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఇది తెలియనివాళ్లు లేరు. తెలియాల్సిన ఒకే ఒక్క మనిషికి, అంటే డాక్టర్‌కు, మాత్రం ఇంతవరకు తెలియలేదు. కారణం చిన్నదే. ఆ డాక్టర్ ఆడమనిషి.

మీ ఇంట్లోనూ ఇలాంటి బావ ఒకరు ఉంటారు కాబట్టి ఎక్కువ వర్ణించను. ఒకరోజు హఠాత్తుగా ప్యాంట్లు మానేసి లుంగీలోకి దిగుతాడు. ఏమైందని అడిగితే "ఎండలు దంచుతున్నయి" అంటాడు. అది డిసెంబర్. బండి మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటాడు. పెళ్లికి పోతే బంతిలో కూర్చోడు, నిలబడే తింటానంటాడు. ఇంటిల్లిపాదికీ అర్థమైపోతుంది, కానీ ఎవరూ పేరు పెట్టి అనరు. "గా ముచ్చట" అంటారు.

అక్క పోరు పడలేక పోయిన నెలలో నేనే ఆయన్ని దవాఖానకు తీసుకుపోయాను. చిట్టీ రాయించి, సర్జరీ ఓపీ ముందు రెండు గంటలు నిలబడ్డాం. లోపల టేబుల్ వెనుక ఒక అమ్మాయి కూర్చుంది. తెల్లకోటు, మెడలో స్టెతస్కోప్, కోటు మీద పేరు, పేరు ముందు డాక్టర్ అని అక్షరాలు. మా బావకు చత్వారం ఉంది నిజమే, కానీ అంత లేదు.

"సిస్టరమ్మా, డాక్టర్ సారు ఎప్పుడొస్తడు?"

"నేనే డాక్టర్‌ని. కూర్చోండి. ఏం ఇబ్బంది?"

"అట్ల కాదు బిడ్డా. అసలు డాక్టర్?"

అసలు డాక్టర్! ఈ రెండు మాటల మీద కాకతీయ యూనివర్సిటీలో ఎవరైనా పీహెచ్‌డీ చేయాలని నా విన్నపం. నీట్ రాసి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు ఎంబీబీఎస్ చదివి, మళ్లీ నీట్ పీజీ రాసి, మూడేళ్ల ఎంఎస్‌లో కూర్చున్న మనిషి ఇంకా అసలు కాలేదట. ఏం తక్కువైందో నేను చాలా ఆలోచించాను. మీసం తక్కువైంది. అది సిలబస్‌లో లేదు. కొన్నేళ్లుగా నీట్‌లో అర్హత సాధించేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. కాబట్టి మా బావలాంటి వాళ్లకు రాబోయేవి గడ్డు రోజులే.

ఆ అమ్మాయికి ఇది కొత్తేం కాదనుకుంటా, ముఖంలో గీత కూడా కదల్లేదు. "ముందు నేను చూస్తాను, అవసరమైతే సార్‌ని పిలుస్తాను. కర్టెన్ వెనక్కి వెళ్లి నిలబడండి, ఒకసారి దగ్గాలి. తర్వాత పడుకోండి, టార్చ్ వేసి చూస్తాను" అంది. వరిబీజానికి అదే పరీక్ష. లోపల ఉన్నది నీరైతే వెలుతురు అందులోంచి ఎర్రగా కనబడుతుంది, పేగు జారిందైతే సాధారణంగా కనబడదు. దగ్గినప్పుడు ఉబ్బితే హెర్నియా అని అనుమానం. రెండు నిమిషాల పని.

మా బావకు మాత్రం టార్చ్ అన్న మాట ఒక్కటే వినబడింది. "ఒక్క నిమిషం, నీళ్లు తాగొస్త" అని బయటికి నడిచాడు. పావుగంటైంది, రాలేదు. నల్లా దగ్గర లేడు, చాయ్ డబ్బా దగ్గర లేడు. చివరికి వరండా మూలన ఒక గదిలోంచి ఆయన గొంతు వినబడింది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.

గదిలో ఏం జరిగిందో తర్వాత ఇద్దరి వాంగ్మూలాలూ కలిపి తెలుసుకున్నాను. మా బావ ఆ గదిలోకి తొంగి చూసేసరికి అక్కడొక మగమనిషి ఉన్నాడు. లేత నీలం చొక్కా టక్ చేసుకున్నాడు. జేబులో పెన్ను. చేతిలో టార్చ్. ముఖ్యంగా, మీసం. అర్హతలన్నీ పూర్తయ్యాయి. మా బావ తలుపు వేసి, గడియ పెట్టి, నాలుగేళ్ల చరిత్ర మొత్తం ఏకబిగిన చెప్పాడు. మొదట కందికాయంత ఉండేదనీ, తర్వాత నిమ్మకాయంత అయిందనీ, మొన్న దసరాకు జామకాయ దాటిందనీ. ఆయన పోలికలన్నీ సంతలోవే. ఆ మనిషి మధ్యలో రెండుసార్లు ఏదో చెప్పబోతే "మీరు ఆగుండ్రి సారు, పూర్తిగ చెప్పనియ్యుండ్రి" అన్నాడట. కర్టెన్ లేదు, బల్ల లేదు, సిస్టర్ లేదు, చిట్టీ అడిగినవాళ్లు లేరు. అయినా మా బావ ఎవరూ అడక్కుండానే లుంగీ ఎత్తాడు.

"అన్నా, నేను ఫ్యాన్ చూడనీకి వచ్చిన" అన్నాడు ఆ పెద్దమనిషి.

మా బావ దాన్ని పెద్ద డాక్టర్ల వినయమనుకున్నాడు. "ముందు గిది చూసినంక ఫ్యాన్ చూడుండ్రి" అన్నాడు.

ఆ ఎలక్ట్రీషియన్ మంచివాడు. టార్చ్ ఎలాగూ చేతిలో ఉంది. మర్యాదకు ఒకసారి చూశాడు కూడా. "మా కాకకు గిట్లనే ఉండె" అన్నాడు. మా బావ కళ్లు మెరిశాయి. "ఏం మందు వాడిండు?"

"మందు లేదన్నా, ఆపరేషన్. గా పక్క రూంల కూసుంటదే మేడం, ఆమెనే చేసింది. మూడొద్దులకు లేసి తిరిగిండు."

నేను తలుపు బాదేసరికి గడియ తీసింది ఎలక్ట్రీషియనే. మా బావ లుంగీ సవరించుకుంటూ నాకేసి చూసి "సారు మంచోడు, ఓపికగ ఇన్నడు" అన్నాడు. ఫ్యాన్ మాత్రం తిరగలేదు.

ఇక ఈ జబ్బు మూలాల్లోకి వెళదాం, వరిబీజం అన్నిసార్లూ బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వల్లే రాదు గానీ, దోమలున్న మన వైపు అదొక పెద్ద కారణం. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టి ఆ పురుగును ఒంట్లోకి ఎక్కిస్తుంది. దోమల్లో కుట్టేది ఆడదోమ ఒక్కటే. మగదోమ పాపం పూలరసం తాగి బతుకుతుంది. అంటే ఎవరో ముక్కూముఖం తెలియని ఆడదోమ అనుమతి అడక్కుండా అర్ధరాత్రి లుంగీలో దూరి కుట్టిపోతే మా బావ మర్యాదకు భంగం లేదు. దాని ఫలితాన్ని ఒక ఆడ డాక్టర్ పట్టపగలు చేతికి గ్లవ్స్ వేసుకుని చూస్తానంటేనే వంశం పరువు పోతుంది. ఇంకో సంగతి. ఈ పురుగు పిల్లలు రక్తంలో రాత్రిపూటే ఎక్కువగా తిరుగుతాయి, అందుకే ఫైలేరియా రక్త పరీక్షకు సిబ్బంది రాత్రిళ్లు వస్తారు. పగలు వాటికి కూడా సిగ్గన్నమాట. ఇంటింటికీ తిరిగి ఫైలేరియాకు డీఈసీ గోలీలు పంచినప్పుడు మా బావ వాటిని గోడ మీదినుంచి మోరీలోకి విసిరేశాడు. దోమ ఇంటికే మందు పంపినట్టయింది.

ఆడవాళ్ల ముందు చెప్పుకోలేడా అంటే, అదీ కాదు. మేడారం జాతరలో సమ్మక్క గద్దె ముందు నిలబడి మొత్తం చెప్పుకున్నాడు. నిలువెత్తు బంగారం మొక్కి, తక్కెడలో కూర్చుని, తన బరువంత బెల్లం తూయించాడు. ఆ బరువులో వరిబీజం బరువు కూడా ఉంది, దానికీ బెల్లం కొన్నాడు. భద్రకాళమ్మకూ చెప్పుకున్నాడు. ఆ ఇద్దరూ "టార్చ్ వేస్తాను" అనలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఇది మరీ ఓరుగల్లులో జరుగుతున్నందుకు నాకు ముచ్చటేస్తుంది. ఏడు వందల అరవై ఏళ్ల కింద రుద్రమదేవి ఏలిన ఊరిది. ఆమెను కూడా గణపతిదేవుడు ఊరికే గద్దె మీద కూర్చోబెట్టలేదు, రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టాడు. పెద్దాయన ముందే గ్రహించాడు, ఈ ఊళ్లో బావలుంటారని. అదే పద్ధతిని దవాఖానల్లోనూ అమలు చేయాలని నా సూచన. ఎంఎస్ పాసైన ప్రతి ఆడ డాక్టర్‌కు పట్టాతోపాటు ఒక అట్ట మీసం ఇవ్వాలి. ఓపీ వేళల్లో పెట్టుకుని, ఇంటికి పోయేటప్పుడు తీసి డ్రాయర్‌లో వేసుకోవచ్చు. జీతంలో మీసం అలవెన్స్ కలపాలి. మా తాతల కాలమే నయం. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1885లో చేరిన రూపాబాయి ఫర్దూంజీ రోగులకు క్లోరోఫారం ఇచ్చేది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్ ఆమే అంటారు. స్పృహ తప్పిన మగవాళ్లు అసలు డాక్టర్ ఎప్పుడొస్తడని అడగలేకపోయారు.

సిగ్గును నేను వెక్కిరించడం లేదు. నాకూ సిగ్గుంది. మూలశంకతో పోయినప్పుడు నాకూ లేడీ డాక్టరే తగిలింది. మోకాళ్లు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుని, గోడ మీది క్యాలెండర్‌లో ఆ నెల తిథులన్నీ చదివాను. నవమి దాకా వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. ఆమె చేతులు కడుక్కుంటూ "నీళ్లు బాగా తాగండి, మిర్చి బజ్జీలు తగ్గించండి" అంది. అంతే. "మగ డాక్టర్ ఉంటే ఆయనకు చూపించుకుంటానమ్మా" అని అడిగినా తప్పు లేదు, ఉంటే పంపుతారు. అడగడానికి ఒక పద్ధతుంది. "అసలు" అనడం సిగ్గు కాదు.

ఇదే బావ పోయినేడాది కాలు విరిగి మంచంలో ఉంటే ఆరువారాలు బెడ్‌పాన్ పెట్టింది మా అక్క. దవాఖానలో ఒళ్లు తుడిచింది ఆయమ్మ. సూది గుచ్చింది సిస్టర్. అప్పుడెక్కడా ఈ లజ్జ కనబడలేదు. ఊడ్చే ఆడమనిషి, కడిగే ఆడమనిషి, మోసే ఆడమనిషి ఎంత చూసినా పర్లేదు. కుర్చీలో కూర్చుని ప్రశ్నలడిగి, "పడుకోండి" అని చెప్పే ఆడమనిషి చూస్తేనే లుంగీ గుర్తొస్తుంది.

మా అక్కకు ముప్పై మూడేళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. నడుంనొప్పి, తెల్లబట్ట అని పోతే, "ఉంచితే క్యాన్సర్ అయితది, తీసేస్తే పీడ పోతది" అన్నాడొక డాక్టర్. మగ డాక్టర్. పరీక్ష చేసింది మగాడు, స్కానింగ్ తీసింది మగాడు, మత్తు ఇచ్చింది మగాడు, కోసింది మగాడు. కాగితం మీద సంతకం పెట్టింది మా బావ. బల్ల ఎక్కనని అక్క ఏడిస్తే ఈ బావే అన్నాడు, "డాక్టర్ ముంగట సిగ్గేందే? డాక్టర్ దేవుని లెక్క" అని. దేవుడట! ఆ దేవుడు అండాశయాలు కూడా తీసేశాడని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ దెబ్బకు నలభై నిండకముందే మా అక్క మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 7.7 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్ర తర్వాత దేశంలో మనమే. అందులో ఎంతమందిని అడిగారయ్యా, నీకు సిగ్గవుతోందా, డాక్టరమ్మను పిలవమంటావా అని? ఒక్కరినైనా అడిగారా? నేనూ అడగలేదు. ఆ రోజు నేను వరండాలో చాయ్ తాగుతున్నాను.

2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టర్‌ను దవాఖానలోనే చెరిచి చంపారు. మన దగ్గరా జూనియర్ డాక్టర్లు ఓపీలు ఆపి రోడ్డెక్కారు. కర్టెన్ లాగిన గదిలో ఎవరు ఎవరికి భయపడాలో తెలిసి కూడా ఆ అమ్మాయి మా బావతో "కూర్చోండి" అంది. ఆయన మాత్రం తన మానం కాపాడుకోవడానికి పరుగెత్తాడు.

తర్వాత కథ పెద్దగా లేదు. మగ సర్జన్ ఉన్నాడని ఒక ప్రైవేటు చోటుకు పోయాడు. ఆ డాక్టర్ స్కానింగ్ రాశాడు. స్కానింగ్ గదిలో జెల్ పట్టుకుని ఒక మేడం ఎదురైంది. మా బావ మళ్లీ నీళ్లు తాగడానికి వెళ్లాడు. ఇప్పుడు ఊళ్లో ఆరెంపీ సూదితో నీరు తీసి ఐదు వందలు పుచ్చుకుంటున్నాడు. నీరు మళ్లీ నిండుతోంది, మళ్లీ ఐదు వందలు. చీము పడితే ఏమవుతుందో చెప్పబోతే "నీకేం తెలుసు బామ్మర్దీ" అన్నాడు.

మొన్న ఆదివారం వాళ్లింటికి పోయాను. పక్కింటాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కొత్తగా లుంగీ కట్టాడు. మా బావ గొంతు తగ్గించి ఆయనకు చెబుతున్నాడు: "దవాఖానల మూలమీది రూంల ఒక సారు ఉంటడు. మొత్తం ఇంటడు, ఒక్క మాట అడ్డం రాడు. టార్చ్ ఏసి మంచిగ చూస్తడు. ఫీజు గీజు ఏం లేదు. నంబర్ రాసుకో."

పక్కింటాయన శ్రద్ధగా రాసుకున్నాడు.