సంప్రదించారు సరే, కాదనే హక్కు ఎవరికిచ్చారు?

క్రీడా పాలక సంఘాల ప్రకటనల్లో "సంబంధిత వర్గాలన్నిటినీ సంప్రదించాం" అన్న మాట చదివినప్పుడల్లా, ఆ వర్గాల్లో ఎవరైనా వద్దంటే నిర్ణయం ఆగేదేనా అని అడగాలనిపిస్తుంది. వ్యాపారాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు; ప్రసార హక్కుల సొమ్మే లేకపోతే చాలా లీగులు ఒక్క సీజన్ కూడా గట్టెక్కలేవు.

జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ సంగతి చూడండి. ప్రసార ఆదాయంలో గరిష్ఠంగా 8 శాతాన్ని 20 ఏళ్లపాటు ఒక పెట్టుబడి సంస్థకు ఇచ్చి, సుమారు వంద కోట్ల యూరోలు తెచ్చుకోవాలని 2023 డిసెంబరులో తీర్మానించారు. 36 క్లబ్బుల్లో 24 సరేనన్నాయి. మూడింట రెండు వంతుల ఆధిక్యానికి కావలసినవి సరిగ్గా అన్నే. ఓటింగ్ అధికారంలో సగానికి మించి క్లబ్ సభ్యుల చేతిలోనే ఉండాలన్న '50+1' నిబంధన అమల్లో ఉన్న చోట ఈ ఓటింగును రహస్యంగా జరిపారు. హానోవర్ క్లబ్ ప్రతినిధి తమ సభ్యుల సంఘం ఆదేశాన్ని కాదని ఓటేశారన్న అనుమానం అక్కడే పుట్టింది. అభిమానులు మొదట 12 నిమిషాలు మౌనం పాటించారు; తర్వాత టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలోకి విసిరి మ్యాచ్‌లు ఆపించారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ వెనక్కి తగ్గింది. నిజానికి ఆ 8 శాతం నాకు ఘోరంగా ఏమీ అనిపించలేదు. ఒప్పందాన్ని కూల్చింది అందులోని షరతులకన్నా దాన్ని తేల్చిన తీరే.

మ్యాచ్‌ల సంఖ్య దగ్గరికొస్తే వ్యవహారం మరీ విడ్డూరం. ప్రపంచకప్‌ను 2026 నుంచి 64 మ్యాచ్‌లకు బదులు 104కు పెంచిన ఫిఫా, 2025 వేసవిలో 32 జట్ల క్లబ్ ప్రపంచకప్‌నూ ఇరికించింది. టోర్నీలను అమ్ముకునేదీ, అంతర్జాతీయ క్యాలెండర్ ఖరారు చేసేదీ ఆ సంస్థే. యూరప్ ఆటగాళ్ల సంఘాల సమాఖ్య, అక్కడి లీగులు కలిసి 2024 అక్టోబరులో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. (జీతాలిచ్చేవారూ తీసుకునేవారూ ఒకే ఫిర్యాదులో కలవడం రోజూ చూసేది కాదు.)

అమెరికాలో అక్కడి తరహా ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల యజమానులకూ సీజన్‌లో అదనపు మ్యాచ్ కావలసి వచ్చింది. అయితే ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం కుదరనిదే అక్కడ అది సాధ్యం కాదు. 2020 మార్చిలో ఆటగాళ్లు ఓటేస్తే అనుకూలంగా 1,019, వ్యతిరేకంగా 959 వచ్చాయి. ఆదాయంలో వారి వాటా పెరిగింది, 2021 నుంచి 17వ మ్యాచ్ మొదలైంది. వద్దన్న 959 మందికి ఆ ఫలితం రుచించి ఉండదు, కానీ వారి ఓట్లనూ లెక్కపెట్టాకే మ్యాచ్ పెరిగింది. క్లబ్ ప్రపంచకప్‌కు ముందు ఆటగాళ్లను అలా ఎవరూ ఓటడగలేదు.