కోడి కంపెనీది, రోగం మాత్రం రైతుదా?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే మన తెలంగాణ సర్కారు ముందుగా చేసింది సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టడం. కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులో, కృష్ణ ఒడ్డున వాడపల్లిలో ఆంధ్రా కోళ్ల వ్యాన్లను వెనక్కి తిప్పారు. టీవీల్లో బాగానే కనిపించింది. ఆ నెల తిరగకుండానే చౌటుప్పల్ మండలంలో రోగం తేలింది. ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ వైపు గుడ్ల కోళ్ల (లేయర్) ఫారంలోనూ తేలింది. వ్యాన్లను ఆపితిమి, మరి ఇదెక్కడి నుంచి వచ్చినట్టు?

సాగర్ ఆయకట్టులో కోతలయ్యాక వరి మళ్లలో బాతుల మందలను చూసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. బాతు ఈ వైరస్‌ను మోస్తూ కూడా హుషారుగానే తిరుగుతుంది, రెట్టలో వదిలి పోతుంది. దానికి వే బిల్లు అడిగేదెవరు? పైగా ఈ వైరస్ ఒక్క తీరుగా ఉండేది కాదు. దాని జన్యువులో ఎనిమిది ముక్కలున్నాయి. రెండు రకాలు ఒకే పక్షిలో కలిస్తే ముక్కలు మార్చుకుని మూడో రకం పుట్టొచ్చు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లులకు సోకింది. నరసరావుపేట రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో ఇదే వైరస్‌తో చనిపోయింది. మార్పును కనిపెట్టాలంటే శాంపిల్ భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్‌కు చేరాలి. చేరాలంటే ముందు ఎవరో ఒకరు పశువైద్యుడికి ఫోన్ చేయాలి. నిఘా మొత్తం ఆ ఒక్క ఫోన్ మీదే నిలబడి ఉంది.

ఆ ఫోన్ ఎందుకు రాదో తెలియాలంటే జడ్చర్ల, షాద్‌నగర్ వైపు ఏదైనా బ్రాయిలర్ షెడ్డుకు వెళ్లండి. నేను వెళ్లిన షెడ్డు గుమ్మంలో మేకుకు ఓ కార్డు వేలాడుతోంది. రోజువారీ మేత, బరువు, చచ్చిన కోళ్లు అందులో రాస్తారు. మూడు, నాలుగు, మూడు అని సాగిన అంకెలు ఒక దగ్గర పదకొండయ్యాయి. ‘కొక్కెర రోగమా?’ అనడిగితే రైతు నవ్వి, ‘కంపెనీ సూపర్‌వైజర్‌కు చెప్పిన సార్, ఆయనే చూసుకుంటడు’ అన్నాడు. షెడ్డు, కరెంటు బిల్లు, ఊకపొట్టు, చాకిరి ఆయనవి. కోడిపిల్లలు, మేత, మందులు కంపెనీవి. బ్యాచ్ ఎత్తాక కిలోకు ఇన్ని రూపాయలని గ్రోయింగ్ చార్జీలొస్తాయి. చావులు లెక్క దాటితే అందులో కోత. అలాంటి మనిషి పశువైద్యుడికి ఫోన్ చేసి కంపెనీతో పంచాయితీ పెట్టుకుంటాడా? మళ్లీ బ్యాచ్ వేయకపోతే షెడ్డు అప్పు ఎవరు కడతారు?

2009 నాటి జంతు వ్యాధుల నివారణ చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. రోగం అనుమానం వస్తే యజమానైనా, జంతువును చూసుకునేవారైనా చెప్పి తీరాలి. ఇక్కడ యజమాని కంపెనీ. ఊరూరా ఏ షెడ్డులో ఎన్ని చచ్చాయో సాయంత్రానికల్లా దాని కంప్యూటర్‌లోకి చేరుతుంది. సర్కారు దగ్గర లేని నిఘా వ్యవస్థ దాని దగ్గరుంది! ఆ లెక్క జిల్లా పశుసంవర్ధక శాఖకు ఎందుకు చేరదు? దాన్ని వ్యాపార రహస్యం అంటే నేనొప్పుకోను.

‘ఇవన్నీ బయటపెడితే జనం భయపడి చికెన్ మానేస్తారు, చివరికి నష్టపోయేది రైతే’ అనేవాళ్లున్నారు. నిజమే, ఆ ఫిబ్రవరిలో ధర పడింది, ఉచిత చికెన్ మేళాలు పెట్టి జనంతో తినిపించాల్సి వచ్చింది. కానీ బాగా ఉడికించిన కోడితో ప్రమాదం లేదని అప్పుడూ చెప్పారు, ఇప్పుడూ అదే చెప్పొచ్చు. దానికోసం చావుల లెక్క దాయనవసరం లేదు.

పరిహారం సంగతి ఇంకా విచిత్రం. రోగం తేలాక కిలోమీటరు పరిధిలో సర్కారు చంపించిన కోళ్లకే డబ్బు. అంతకు ముందు చచ్చినవాటికి పైసా లేదు. అంటే ఆలస్యమైన కొద్దీ పోగొట్టుకోవాలి, తొందరపడి చెప్తే షెడ్డు నెలల తరబడి ఖాళీ. దీన్ని తిరగరాయాలి. ఫోన్ వచ్చిన రోజు నుంచి చచ్చిన ప్రతి కోడికీ లెక్క కట్టాలి, పెంచినవాడికి గ్రోయింగ్ చార్జీలు కంపెనీతో ఇప్పించాలి.

పాలమూరు నుంచి వలస పోయి ఊరూరా మట్టి మోసినవాళ్ల పిల్లలే ఇవాళ అప్పు చేసి షెడ్డు వేసుకుని ‘ఫారం ఓనర్లు’ అనిపించుకుంటున్నారు. కోడి మీద హక్కు లేదు, ధర మీద మాట లేదు, చేతిలో అగ్రిమెంటు కాపీ కూడా ఉండదు. కూలీ పాతదే, కాకపోతే ఇప్పుడు సొంత జాగాలో చేస్తున్నారు. కంపెనీలకు పండించిన విత్తన పత్తిలో ఇదే చూశాం. రేపు ఇంకో పంటలోనూ ఇదే చూస్తాం. కాంట్రాక్టు సేద్యానికి రైతు పక్షాన ఒక చట్టం చేయమంటే మాత్రం ఏ పార్టీకీ నోరు పెగలదు.

నేను బయల్దేరుతుంటే సూపర్‌వైజర్ బండి వచ్చింది. అతను కార్డును ఫోన్‌తో ఫొటో తీసుకుని, షెడ్డు లోపలికి పోకుండానే వెళ్లిపోయాడు.