సవరణ: రొమ్ము గడ్డకట్టినా పాలు మానక్కర్లేదు

బాలింతల రొమ్ము నొప్పి గురించి మొన్న పెట్టిన పోస్టులో ‘గడ్డకట్టిన వైపు పాలు పట్టొద్దు, కాపడం పెట్టి గట్టిగా పిసకాలి’ అని ఉంది. ఆ మాట తీసేశాం. నొప్పి ఉన్న వైపూ పట్టొచ్చు, ఆ పాలతో బిడ్డకేమీ కాదు. గట్టిగా పిసికితే వాపు ఇంకా పెరుగుతుంది. పాలు పట్టాక చల్లటి తడిగుడ్డ కాసేపు వేయండి. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు.

చనుమొన చీలితే ముందు పాలు తాగేటప్పుడు బిడ్డ నోరు ఎలా పట్టిందో చూడండి. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి.

రొమ్ము ఎర్రబడి, చలిజ్వరం వస్తే, లేదా 24 గంటల్లో నొప్పి తగ్గకపోతే పెద్దాసుపత్రికైనా, దగ్గర్లో డాక్టరు దగ్గరికైనా వెళ్లండి. పాలిస్తున్నానని ముందే చెబితే దానికి తగ్గ యాంటీబయోటిక్ రాస్తారు.