బ్యూగిల్‌లో బటన్

అమెరికాలో మినియాపొలిస్ విమానాశ్రయం పక్కనే ఉన్న ఫోర్ట్ స్నెల్లింగ్ జాతీయ శ్మశానవాటిక. పొరుగింటి పెద్దాయన, వియత్నాంలో పోరాడినవాడు, ఆయన అంత్యక్రియలు అయ్యాక ఇద్దరు కారులో తిరిగొస్తున్నారు. ఒకరు మిలటరీ మాధవరం నుంచి వచ్చిన మాజీ హవల్దార్. రెండోవాడు ఇక్కడే ఉద్యోగం చేస్తున్న ఆయన మేనల్లుడు.

అల్లుడు: ఆ బ్యూగిల్ చూశారా మావయ్యా? అతను ఊదలేదు. లోపల స్పీకర్ ఉంటుంది. బటన్ నొక్కి పెదాలకు ఆనించుకున్నాడంతే.

మావయ్య: చూశాను. బుగ్గలు కదల్లేదు.

అల్లుడు: మరి దాన్ని గౌరవమంటారా? కుటుంబం అడిగితే సైన్యం కనీసం ఇద్దర్ని పంపాలి, జెండా మడిచి ఇవ్వాలి, ట్యాప్స్ అనే ఆ వీడ్కోలు బాణీ వినిపించాలి. 2000 నుంచి చట్టమే ఉంది. ఊదేవాళ్లు చాలక ఈ మిషన్ పెట్టారు. తుపాకులు పేల్చడానికేమో రిటైరైన ముసలాళ్లు జీతం లేకుండా రావాలి. యుద్ధానికి దొరికే డబ్బు పూడ్చేటప్పుడు దొరకదా?

మావయ్య: జీతం లేకుండా వచ్చారు కాబట్టే నాకు నచ్చింది. 1979 నుంచి ఈ చలిలో వస్తున్నారట. ఎవరు ఆర్డరేశారు? అన్నట్టు, మీ ఆవిడకి 21 తుపాకుల వందనమని చెప్పావు, అది కాదు. అది దేశాధినేతలకి ఫిరంగులతో ఇచ్చేది. ఇక్కడ పేల్చింది మూడే మూడు సార్లు, రైఫిళ్లతో.

అల్లుడు: సరే, మూడే. ఆ ఓపిక బతికున్నప్పుడు చూపిస్తే? ఆయన మూడేళ్లు ఒంటరిగా ఉన్నాడు. వాకిట్లో మంచు తీయడానికి నేనే వెళ్లాను, అదీ రెండుసార్లు.

మావయ్య: ఆ తప్పు నీదిరా, తుపాకీ పట్టుకున్నవాళ్లది కాదు.

(కాసేపు వైపర్ల చప్పుడే.)

మావయ్య: మొన్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో గైడ్ చెప్పలా? 1948లో వైమానిక దళాధిపతి వాండెన్‌బర్గ్, ఆయన భార్య అక్కడికి వెళితే, అయినవాళ్లెవరూ లేని అంత్యక్రియలు కనిపించాయని. అప్పట్నుంచి ఆడవాళ్లు వంతులు వేసుకుని వస్తున్నారు. దానికి చట్టమేం లేదు.

అల్లుడు: అదే నేనంటున్నది! జనం మంచివాళ్లు, అందుకే సర్కారు తప్పించుకుంటోంది. పైగా రికార్డింగయితే శ్రుతి తప్పదని సర్దిచెబుతారు.

మావయ్య: 1963లో కెనడీ అంత్యక్రియల్లో ట్యాప్స్ ఊదినవాడికి ఆరో స్వరం చీలిపోయింది. మొత్తం 24 స్వరాలు. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం చెప్పుకునేది ఆ ఒక్కదాని గురించే. మన సైన్యంలో అంత్యక్రియలకి లాస్ట్ పోస్ట్ ఊదేటప్పుడు కూడా కుర్రాడి గొంతు బిగుసుకుపోవడం నేను చూశాను.

అల్లుడు: అంటే బటన్ తప్పని మీరూ ఒప్పుకున్నట్టేగా?

మావయ్య: బటన్ తప్పే. సైన్యం ఊదేవాణ్ణి పంపాలి. అక్కడ నీదే గెలుపు. కానీ పేల్చడం అయ్యాక ఒకాయన మోకాలు పట్టుకుని వంగి, మంచులో ఖాళీ తూటాలు ఏరాడు, చూశావా? గ్లవ్ తీసేసి వట్టి వేళ్లతో తుడిచి, మూడు ఆ పెద్దాయన కూతురి చేతిలో పెట్టాడు. ఆయన్ని మాత్రం ఏమీ అనకు. వాళ్ల ఆఫీసెక్కడ?

అల్లుడు: మిమ్మల్ని తీసుకోరు మావయ్యా. మీరు వేరే దేశం సైన్యం, పైగా విజిటర్ వీసా.

మావయ్య: తుపాకీ ఇవ్వక్కర్లేదు. ఏరి పెడతాను.