మండే మంచు చేతికందిన నిధి కాదు

కృష్ణా, గోదావరి తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న గ్యాస్ హైడ్రేట్ల (నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన మీథేన్ గ్యాస్) మీద ఒక సందేశం వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఈ ‘మండే మంచు’ దేశానికి 300 ఏళ్లు సరిపోతుందట. జపాన్, చైనా ఇప్పటికే తీసేస్తున్నాయట. బొగ్గు కంటే శుభ్రమట, అంత లోతున ఉన్నది కాబట్టి ముప్పేమీ లేదట. మన తీరం సంగతి కాబట్టి ఒక్కో మాటా పట్టి చూడాల్సిందే.

‘300 ఏళ్లు సరిపోతుంది’

ఈ ఆశకు మూలం 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల అంకె. అది మన తీరపు కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్ ఒక్కదానిది కాదు, దేశం చుట్టూ ఉన్న సముద్రగర్భం మొత్తానికి వేసిన ముందస్తు అంచనా. పైగా ఉన్నది వేరు, తీయగలిగింది వేరు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక తవ్వినప్పుడు కేజీ బేసిన్‌లో దాదాపు 128 మీటర్ల మందాన హైడ్రేట్ బయటపడింది. అయితే అది బంకమన్ను పగుళ్లలో ఉంది. అలాంటి మట్టిలోంచి గ్యాస్ బావిదాకా పారడం చాలా కష్టం. కాస్త ఆశ పెట్టుకోదగ్గ ఇసుక పొరలు 2015లో చిక్యూ నౌక తవ్వకాల్లో దొరికాయి. అక్కడినుంచీ ఇంకా ఒక్క ఇంటి పొయ్యికీ గ్యాస్ రాలేదు.

‘జపాన్, చైనా తీస్తున్నాయి’

అవి చేసినవి ప్రయోగాలు. హైడ్రేట్ అంటే నీటి అణువుల పంజరంలో ఇరుక్కున్న మీథేన్. చలి, ఒత్తిడి ఉన్నంతసేపే అది గట్టిగా ఉంటుంది. బావిలో నీళ్లు తోడి ఒత్తిడి తగ్గిస్తే కరిగి గ్యాస్ వదులుతుంది. చిక్కంతా అక్కడే. ఇసుక రేణువులను పట్టి ఉంచుతున్నది కూడా ఆ హైడ్రేటే. అది కరగగానే ఇసుక వదులై నీళ్లతోపాటు బావిలోకి దూసుకొస్తుంది. 2013 మార్చిలో తన తీరం దగ్గరి సముద్రపు లోయ నాంకాయ్ ట్రఫ్‌లో జపాన్ చేసిన ప్రయోగం ఆరు రోజులకే ఆగింది ఇందువల్లే. ఇసుకను ఆపే జల్లెడలను మార్చి, 2017లో మళ్లీ దిగితే, మొదటి బావిలో మళ్లీ ఇసుకే.

చైనా 2020లో అడ్డంగా తవ్విన బావితో 30 రోజుల్లో 8.61 లక్షల ఘనపు మీటర్లు తీసింది. గొప్ప విజయమే. కానీ మన దేశం రోజుకు సుమారు 18 కోట్ల ఘనపు మీటర్లు వాడుతుంది. అంటే ఆ నెల కష్టం మనకు ఏడు నిమిషాలకు చాలుతుంది.

‘లోతున ఉంది, ముప్పు లేదు’

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఈ మాటే. మామూలు గ్యాస్ చాలాచోట్ల గట్టి రాతి కప్పు కింద ఉంటుంది. హైడ్రేట్లు ఉన్నది సముద్రపు అడుగుకు కొన్ని వందల మీటర్ల లోపే, మెత్తటి ఒండ్రులో. అవి కరిగితే ఆ పొర పట్టు తప్పుతుంది, మట్టి రంధ్రాల్లో ఒత్తిడి పెరుగుతుంది, అడుగు కుంగవచ్చు. పైగా కేజీ బేసిన్‌లో రెండు నదులు తెచ్చి పోసిన ఒండ్రు ఏటవాలు మీద పేరుకుని ఉంది. అక్కడ సముద్రపు అడుగు పాతకాలంలో జారిన ఆనవాళ్లు పరిశోధకులు చూపించారు.

అలాగని ‘తీస్తే సునామీ ఖాయం’ అనేవాళ్ల మాటా సరికాదు. వాళ్లు చూపే ఉదాహరణ నార్వే దగ్గర సుమారు 8,000 ఏళ్ల కిందట సముద్రపు అడుగు జారి సునామీ లేపిన స్టొరెగ్గా జారుడు. దానికి ముఖ్య కారణం హైడ్రేట్లు కాదు, హిమనదాలు వేగంగా తెచ్చి పోసిన మట్టి, ఆపైన భూకంపం అనే ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

‘బొగ్గు కంటే శుభ్రం’

మండించినప్పుడు నిజమే, కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే వస్తుంది. మండకుండా గాలిలో కలిస్తే మాత్రం 20 ఏళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. లోతున లీకైనది చాలావరకు నీళ్లలోనే కరిగిపోతుంది, దాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. ఆ క్రమంలో ఆక్సిజన్ ఖర్చవుతుంది. బంగాళాఖాతం మధ్య లోతుల్లో అది అసలే తక్కువ.

2013 ప్రయోగానికి జపాన్ ఒక ఉత్పత్తి బావికి పక్కనే రెండు పరిశీలన బావులు తవ్వింది. కేజీ బేసిన్‌లో ఉత్పత్తి ప్రయోగం చేస్తే అంతకు తక్కువ కాకుండా ఏర్పాట్లుండాలి. అడుగు ఎంత కుంగింది, మీథేన్ ఎంత లీకైంది అన్న కొలతలు తవ్వకానికి ముందునుంచే మొదలై, బావి మూసిన తర్వాత కూడా కొన్నేళ్లు సాగాలి. వాటిని కాకినాడ, మచిలీపట్నం మత్స్యకారులు కూడా చూడగలిగేలా బయటపెట్టాలి.