అమ్మ ఖాతాలో పడిన రైతు డబ్బులు

2025 ఆగస్టు 2న మా అమ్మ ఖాతాలో 7 వేలు పడ్డాయి. పీఎం కిసాన్ కింద కేంద్రానివి 2 వేలు, అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రానివి 5 వేలు. నవంబర్ 19న మళ్లీ అంతే. మా అమ్మకి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో అరుగు దిగడమే గగనం. నాన్న పోయాక ఆవిడ పొలం గట్టు తొక్కింది లేదు. అయినా ప్రభుత్వం లెక్కలో ఆవిడ అన్నదాత.

పాలకొల్లు దగ్గర మాకున్న 3 ఎకరాల 20 సెంట్లను పదకొండేళ్లుగా కౌలుకి చేస్తున్న మనిషికి మాత్రం ఆ రెండుసార్లూ రూపాయి రాలేదు. అతనికి సెంటు సొంత భూమి లేదు. నేను అతన్ని అన్నా అంటాను, అతను నన్ను అండీ అంటాడు. వయసులో నాకన్నా పెద్దవాడు.

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండేళ్లుగా ఒకటే యుద్ధం. ఒక బావ "మా నాయకుడు రైతుకి ఏడాదికి 13,500 ఇచ్చాడు" అంటాడు. ఇంకో బాబాయి "మావాడు 20 వేలు ఇస్తున్నాడు" అంటాడు. "ఆ 13,500లోనూ కేంద్రానివి 6 వేలు ఉన్నాయిగా" అని ఒకరు, "మరి మీ 20 వేలల్లో లేవా" అని ఇంకొకరు. తెల్లారేసరికి మూడు వందల మెసేజ్‌లు. ఇంతమందిలో ఈ ఏడాది చేలో కాలు పెట్టినవాడు ఒక్కడు లేడు. ఒకాయన హైదరాబాద్, ఒకాయన డల్లాస్, నేను కాకినాడ. అందరి పొలాలూ కౌలుకే ఉన్నాయి, డబ్బులు మాత్రం అందరి ఇళ్లలోనూ పడ్డాయి. ఎంత ఇచ్చారన్న దాని మీద కొట్టుకుంటున్నాం గానీ, ఎవరికి ఇచ్చారని ఒక్కరూ అడగరు. అడిగితే మన నోట్లోనే మట్టి కదా!

కౌలు రైతుకి దారి లేదా అంటే, ఉంది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దాని కింద కౌలుదారుకి ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. పదకొండు నెలలు చెల్లుతుంది. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. ఇంత బాగా రాసి, చివర్లో ఒక మెలిక పెట్టారు. భూమి యజమాని సంతకం చెయ్యాలి. అంతకుముందు 2011 నాటి చట్టంలో ఆ సంతకం గొడవ లేదు. రుణ అర్హత కార్డుకి కౌలుదారే దరఖాస్తు పెట్టుకునేవాడు. ఆ కార్డులు చేతికొచ్చినా బ్యాంకులు పెద్దగా అప్పులిచ్చిందీ లేదు, అది వేరే ఏడుపు. కానీ కనీసం ఒకరి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరమైతే లేదు. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన చట్టం అతన్ని మళ్లీ ఆ గుమ్మం దగ్గరికే పంపింది.

మా గుమ్మం దగ్గరికీ వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆ కార్డు కాగితం తీసి, "అమ్మగారి చేత ఓ సంతకం పెట్టిస్తారేంటండీ" అన్నాడు. అమ్మ "చూద్దాంలే అబ్బాయ్" అంది. "ఆయ్" అని వెళ్లిపోయాడు. రెండేళ్లయింది. ఆ కాగితం మా టీవీ కింద సొరుగులోనే ఉంది.

అమ్మని రాక్షసిలా చూడకండి. ఆవిడ భయం ఆవిడది. కౌలుదారు పేరు కాగితాలకెక్కితే పొలం చేజారుతుందని వాళ్ల నాన్న నాటి నుంచి వింటూ పెరిగింది. పైగా ఇంకో సంగతి ఉంది, సిగ్గుపడుతూ రాస్తున్నా. ఆ భూమి మీద అమ్మ పేరున లక్ష రూపాయల పంట రుణం ఉంది. 7 శాతం వడ్డీ, టైముకి కడితే అందులో 3 శాతం వెనక్కి వస్తుంది. ఆ లక్ష పంటలోకి వెళ్లలేదు, మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ ఫీజులోకి వెళ్లింది. అతనికి కార్డు ఇచ్చి, అదే సర్వే నంబరు మీద అతను కూడా అప్పుకి వెళితే బ్యాంకు వాళ్లు ఏమంటారోనని టెన్షన్. అసలు చేను చేసేవాడు తెచ్చేది నూటికి రెండు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 24 శాతం. ఎరువుల కొట్లో అరువు మీద వేసే వడ్డీ దీనికి అదనం. ఇది మా ఒక్క ఇంటి కథే అనుకుంటే మీ ఊరెళ్లి అడగండి.

యజమాని భయానికి ఈ రాష్ట్రంలో ఎంత విలువుందో 2024లో చూశాం. భూమి ఎవరిదో ప్రభుత్వ రికార్డే తేల్చే ల్యాండ్ టైట్లింగ్ చట్టం అనగానే ఊరూరా గుండెలు బాదుకున్నారు. పాసు పుస్తకం మీద బొమ్మ ఎవరిది, సర్వే రాయి మీద పేరు ఎవరిదని ఎన్నికల దాకా అదే చర్చ. కొత్త ప్రభుత్వం వచ్చిన రెండు నెలల్లోపే అసెంబ్లీలో ఆ చట్టం రద్దయింది. తప్పనను. నేనూ హమ్మయ్య అనుకున్నవాణ్నే. కానీ భూమి ఉన్నవాడి భయానికి అసెంబ్లీ అంత చురుగ్గా కదిలితే, భూమి లేనివాడి భయం సొరుగులో ఎందుకు పడి ఉంటుంది? పార్టీ ఏదైనా టికెట్ తెచ్చుకునేవాళ్లలో పొలం కౌలుకిచ్చే ఇళ్లే ఎక్కువ మరి. కౌలుకి తీసుకునే ఇంటి నుంచి ఎంతమంది వచ్చారో మీరే వేళ్ల మీద లెక్కపెట్టండి.

ఇక తుపాను సంగతి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. మా చేలో స్వర్ణ వేశాడు. మా పక్కనే మారుటేరు పరిశోధన కేంద్రంలో 1982లో పుట్టిన ఎంటీయూ 7029 అది. గింజ పాలు పోసుకునే వేళకి చేనంతా నేలకి ఒరిగిపోయింది. మురుగు కాలువ నిండా గుర్రపు డెక్క ఉంటే నీళ్లు ఎక్కడికి పోతాయి? పెళ్లాంతో కలిసి నాలుగైదు దుబ్బుల్ని కలిపి కట్టలు కట్టి నిలబెట్టుకుంటూ వచ్చాడు. నడుము వంచి, మూడు రోజులు. ఫోన్లో ఫోటో పంపితే, నేను కింద ఒక దండం బొమ్మ పెట్టాను. అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు.

ఈ-పంట నమోదు పెట్టిందే నిజంగా సాగు చేసేవాడి పేరు ఎక్కడానికి. మా చేనుకి ఎక్కింది మా అమ్మ పేరు. దానికి వేలిముద్ర కావాలంటే, పొలంలో ఏ పైరుందో కూడా తెలియని ఆవిడ ఆటో ఎక్కి వెళ్లి వేసొచ్చింది. దాంతో ధాన్యం అమ్మిన డబ్బులు కూడా ఆవిడ ఖాతాలోనే పడ్డాయి. అతను రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసేవాడు. "అమ్మగారి ఖాతాలో పడ్డాయేమో ఓసారి చూస్తారాండీ" అని. తన కష్టం డబ్బు వచ్చిందో లేదో నన్ను అడిగి తెలుసుకోవాలి! పడగానే ఫోన్‌పే చేశాను. నాలాగా చెయ్యని యజమానులూ ఉంటారు, వాళ్ల దగ్గర అతని లాంటివాడు ఏం చేస్తాడు?

లెక్క కూడా చెప్పేస్తాను. మా వైపు వానాకాలం పంటని సార్వా అంటాం, ఆ తర్వాతి పంటని దాళ్వా అంటాం. సార్వా శిస్తు, అంటే మాకు కొలిచే కౌలు, ఎకరానికి 12 బస్తాలు. మామూలుగా 30 దాకా పండే చేను తాలు పోగా 19 పండింది. మొత్తం 61 బస్తాలు. మాకు 38 కొలవాలి. అమ్మ జాలిపడి 6 తగ్గించింది, 32 తీసుకుంది. అతనికి మిగిలినవి 29. ఆ సీజన్‌లో క్వింటా మద్దతు ధర 2,369 కాబట్టి 75 కిలోల బస్తాకి 1,777 రూపాయలు. అంటే చేతికొచ్చింది 51 వేల పైచిలుకు. పెట్టుబడి ఎకరానికి 30 వేలు అయిందన్నాడు. మిగతా లెక్క మీరే వేసుకోండి. మాకు పెట్టుబడి సున్నా.

"గిట్టకపోతే మానెయ్యొచ్చుగా" అని కామెంట్లలో రాస్తారని తెలుసు. 2011లో కోనసీమలో సార్వా మానేశారు. 2022లో మళ్లీ పంట విరామం అన్నారు. అప్పుడు కూడా రైతులంటే ఎవరో ఎవరూ విడమరచలేదు. భూమి ఉన్నవాడు ఒక పంట మానేస్తే భూమి ఎక్కడికీ పోదు. కౌలుదారు ఒక పంట మానేస్తే ఆ చేను ఉగాదికల్లా ఇంకొకరి చేతిలో ఉంటుంది, లేదా చేపల చెరువవుతుంది.

నేను అడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. ఆ సంతకం తీసెయ్యండి. చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. గ్రామసభ పెట్టి, గట్టు మీద నిలబడి పేరు రాయండి. మా అమ్మకిచ్చే డబ్బులు ఆపినా సరే, మాకు అన్యాయమేమీ జరగదు.

పోయిన ఆదివారం అమ్మతో, ఆ రెండు విడతల 14 వేలూ అతనికిచ్చేద్దాం అన్నాను. "అంతా ఎందుకురా, మందులకుంచుకుని సగం ఇద్దాం" అంది. బేరం 7 వేల దగ్గర తెగింది. పిలిచి చేతిలో పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టుకుని, చొక్కా లోపలి జేబులో దోపుకుని, "దాళ్వా కోతలకి ఇచ్చేస్తానండీ. వడ్డీ ఎంత వేస్తారండీ?" అన్నాడు.